మిగతా సగం తిప్పు

‘ఏడో నేలమాళిగ’ — ఆరో భాగం

నేను తెరవలేని తలుపు ఈ భూమ్మీద ఇంతవరకు ఎవరూ బిగించలేదు. గొప్పలు చెబుతున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి. నలభై ఆరేళ్ళు తాళాల దుకాణం నడిపినవాణ్ణి. ఒకసారి ఒక పాత గోదాములో పదేళ్ళుగా ఎవరికీ లొంగని తాళం ముందు నిలబడి గొంతు సవరించుకున్నానో లేదో, అది దానంతటదే ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. ఆ చప్పుడుకి పక్క గది తాళం కూడా పడింది. మూడోదాని సంగతి నేను చెప్పను, చెబితే మీరు నమ్మరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం మిమ్మల్ని వదిలిపెట్టిన చోట నేను సరిగ్గా ఈ మాటే నలుగురి ముందు అని, చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాను. ఎత్తిన చెయ్యి దించకుండా వారం రోజులు ఆగడం నా వయసువాడికి ఎంత కష్టమో ఎడిటరుగారికి తెలియదు. ఇప్పుడు దించుతున్నాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా అమ్మాయి కూతురు, ఇంట్లో అందరం పిచ్చుక అని పిలిచే పిల్ల, గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ అంటే అద్దాల మేడ ఊహించుకోకండి. కుట్టుమిషన్ల దుకాణం పైన మూడు గదులు. కింద మిషన్లు తిరిగితే పైన టీ కప్పులు సన్నగా వణుకుతాయి. ఆ గేములో మొత్తం ఏడు నేలమాళిగలు. ఒక్కో నేలమాళిగ చివర ఒక గది, ఆ గదిలో ఒక రాక్షసుడు. వాణ్ణి వీళ్ళు బాస్ అంటారు. దారిలో ఉండే మామూలు తలుపులకి చిన్న తాళంచెవులు సరిపోతాయి. బాస్ గదికి మాత్రం వేరే తాళంచెవి, పెద్దది, కొమ్ములున్నది. అది ఎక్కడో లోపలి గదిలో పెట్టెలో ఉంటుంది. వెతికి తెచ్చుకోవాలి. ఒక్క తలుపుకే పనికొస్తుంది.

ఏడో నేలమాళిగ మొత్తం మా పిచ్చుకదే. రెండేళ్ళుగా దాని గోడలూ మెట్లూ గడియలూ ఒక్కతే కట్టుకుంటూ వచ్చింది. ఆ కంపెనీకి యజమాని కళ్ళద్దాలాయన. ఆయన చెప్పింది ఏమిటంటే, ఆడించి చూసిన పన్నెండు మందిలో తొమ్మిది మంది బాస్ తలుపు దగ్గరికి వచ్చి ఆవలించారు, కాబట్టి ఆ పెద్ద తాళంచెవి తీసేద్దాం. పిచ్చుక చెప్పింది ఏమిటంటే, దాంతో పాటు నా పేరు కూడా తీసేయండి, సోమవారం నుంచి నేను రాను. 

నేనక్కడ ఎందుకున్నానని అడగొచ్చు. తాళాల చప్పుళ్ళు రికార్డు చేసుకోవాలని నన్ను పిలిచారు. ఆ పని మూడు వారాల క్రితమే అయిపోయింది. వాళ్ళ టీ బాగుంటుంది, అందుకని వెళుతూనే ఉన్నాను.

కళ్ళద్దాలాయన చెడ్డవాడు కాదు. ఇద్దరి మాటా నిలిచే దారి ఆయనే చూపించాడు. ఇంతవరకు ఏ గేమూ ముట్టుకోనివాడెవడైనా కూర్చుని, ఎవరి సాయం లేకుండా, నాలుగింటి టీ వచ్చేలోగా ఆ తాళంచెవి సంపాదించి బాస్ తలుపు దాకా వెళ్ళగలిగితే అది ఉంటుంది. లేకపోతే పోతుంది. అప్పుడే నా చెయ్యి పైకి లేచింది. పిచ్చుక మొహం చూస్తే ఆ చెయ్యి దించేయమని బతిమాలుతున్నట్టు ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మర్నాడు పదింటికి నా చేతిలో ఒక పిడి పెట్టారు. రెండు చేతులతో పట్టుకునేది, నాలుగు మీటలు, రెండు చిన్న పుల్లలు. ఒక పుల్ల తోస్తే తెరమీద నా మనిషి నడుస్తాడు, ఇంకోటి తోస్తే తల తిప్పి చూస్తాడు. నేను రెండూ ఒకేసారి తోసేవాణ్ణి. అందుకని మొదటి అరగంట నా మనిషి పైకప్పు చూస్తూ వెనక్కి నడిచాడు.

నా పక్కన గోడలమ్మాయి కూర్చుంది. ఆవిడ ఉద్యోగమే గోడలు. పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా గేములో ప్రతి గోడకీ మనిషిని గుద్దించి చూస్తుంది, ఎక్కడైనా గోడలోకి దూరిపోతాడేమో అని. ఎక్కడ దూరితే అక్కడ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. సాయం చేయకూడదని షరతు కాబట్టి నోరు మెదపలేదు గానీ, నా మనిషి ఒక మూల రెండు స్తంభాల మధ్య ఇరుక్కుని కాళ్ళాడిస్తుంటే మాత్రం ఉండబట్టలేకపోయింది.

“ఆ మూలలోకి వెళ్ళొచ్చని నాకు రెండు నెలల్లో ఒక్కసారైనా తట్టలేదు తాతగారూ,” అంది, ఎంతో గౌరవంగా. పేజీ తిప్పి రాసుకుంది.

పదకొండున్నరకి నేను సరిగా నడవడం నేర్చుకున్నాను. పన్నెండుకి దూకడం. భోజనం చేసి వచ్చేసరికి చేతిలో రెండు చిన్న తాళంచెవులు ఉన్నాయి. వాటి గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ తాళంచెవి ఏ తలుపులోకైనా దూరుతుంది. అలాంటిది నేను చేసి ఉంటే నన్ను లోపలేసి ఉండేవాళ్ళు. పైగా ఒక్కసారి తిప్పగానే మాయమైపోతుంది. అలాంటిది అమ్మి ఉంటే కొన్నవాళ్ళే దుకాణానికి వచ్చి నా పని పట్టి ఉండేవాళ్ళు.

రెండు తాళంచెవులతో ఒక పెద్ద హాల్లోకి వచ్చాను. అక్కడ తలుపులు మూడు. తూర్పున ఒకటి, దానికి రెండు పక్కలా దీపాలు వెలుగుతున్నాయి. పడమట ఒకటి. మూడోది మెట్ల కింద, నడుం వంచితే గానీ కనపడని చిన్న తలుపు. మామూలు మనిషి దీపాలున్న తలుపు దగ్గరికి వెళతాడు. ఆ పన్నెండు మందీ వెళ్ళారట. గోడలమ్మాయి కూడా ఎప్పుడూ అటే వెళ్ళిందట. దీపాలు పెట్టింది అందుకే.

నేను మెట్ల కిందికి వెళ్ళాను.

ఎందుకంటే మా వృత్తిలో కొత్త ఇంట్లో అడుగుపెడితే వీధి తలుపు జోలికి పోం. వీధి తలుపు తాళం రోజుకి పదిసార్లు తిరుగుతుంది, దానికి రోగం రాదు. మెట్ల కింద గదికి ఏడాదికోసారి తాళం తీస్తారు. తుప్పు అక్కడ ఉంటుంది, విరిగిన స్ప్రింగు అక్కడ ఉంటుంది, పని అక్కడ ఉంటుంది. నలభై ఆరేళ్ళు ఇలాగే మొదలుపెట్టాను, ఇప్పుడు తెరమీద మాత్రం వేరేలా ఎందుకు మొదలుపెడతాను?

మెట్ల కింద గదిలో కుండలున్నాయి. పగలగొట్టాను, ఏమీ లేదు. ఒక తాళంచెవి పోయింది.

రెండో దాంతో పడమటి తలుపు. దానికీ నాకో కారణం ఉంది. తాళం కన్నం చుట్టూ ఇత్తడి మెరుగు తేలి ఉంది. ఎక్కువసార్లు తిరిగిన తాళం అలా మెరుస్తుంది. ఎక్కువసార్లు తిరిగిందంటే లోపల పనికొచ్చేదేదో ఉన్నట్టే. ఆ మెరుగు గీసిన పిల్ల నా బల్ల కింద కూర్చుని ఇనపరజనుతో ఇళ్ళు కట్టుకుని పెరిగిందని గుర్తొచ్చి లోలోపల మురిసిపోయాను. తలుపు తెరిచాను. పొడుగాటి నడవా. నడవా చివర ఇంకో తలుపు, దానికి తాళం. ఆ తలుపుకున్న చువ్వల్లోంచి ఒక పెద్ద పెట్టె కనపడుతోంది, మూత మీద కొమ్ముల బొమ్మ. బాస్ తాళంచెవి అందులోనే ఉంది. నాకూ దానికీ మధ్య నాలుగడుగులు.

నా చేతిలో తాళంచెవి లేదు.

వెనక్కి వచ్చాను. తూర్పు తలుపుకి తాళం. దాని వెనక ఇంకో రెండు చిన్న తాళంచెవులు ఉన్నాయని తర్వాత తెలిసింది. ముందు అది తెరిస్తే ఆ రెండింటితో మిగతా దారంతా సాగుతుంది. నేను తెరవలేదు. ఇక తెరవలేను. హాలంతా తిరిగాను, కుండ పెంకులన్నీ ఏరాను, గోడలమ్మాయి పద్ధతిలో ప్రతి గోడకీ గుద్దుకున్నాను. ఒక గంట అలా గడిచింది.  అందరికంటే ముందు విషయం అర్థమైంది పిచ్చుకకే. తిరిగి చూసేసరికి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

నేను తెరవలేని తలుపు లేదని మొదట్లో రాశానే, ఆ మాట ఇప్పుడు మర్యాదగా వెనక్కి తీసుకుంటున్నాను. ఎలాగూ తీసుకుంటున్నాను కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తాను. పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో స్నానాల గదిలో రెండు గంటలు ఇరుక్కుపోయాను. భుజంతో తోశాను, కాలితో తన్నాను, సబ్బు పెట్టె మూతతో బందుల మేకులు పీకబోయాను. మా ఇంటావిడ పొరుగింటికి వెళ్ళి కబుర్లు చెప్పుకుని, తిరిగి వచ్చి, బయట నిలబడి ఒకే ఒక్క మాట అంది. “ఇటు తోయకండి, అటు లాగండి.” ఆ తలుపుకి అసలు తాళమే లేదు. గోదాములో తాళాల సంగతి కూడా ఆవిడనే అడగండి, నాకంటే బాగా చెబుతుంది. ఆ రోజు నేను అక్కడ లేనని కూడా చెబుతుంది.

నాలుగైంది. టీ వచ్చింది.

“ఓడిపోయారు మేస్త్రిగారూ,” అన్నాడు కళ్ళద్దాలాయన. మెల్లగానే అన్నాడు, ఎగతాళి లేకుండా.

గోడలమ్మాయి లేచి నిలబడింది. ఓడింది తాతగారు కాదు, నేను, అంది. రెండు నెలలు ఆ హాల్లో తిరిగినా మెట్ల కింద తలుపు ముందు తెరిచి చూడాలని తట్టలేదట. ఇది ఇలాగే బయటికి వెళ్ళి ఉంటే ఎంతమంది ఇరుక్కుపోయేవాళ్ళో లెక్కలేదంది. వాళ్ళు మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడం తప్ప ఇంకో దారి లేదట.

“నేననేదీ అదే,” అన్నాడాయన. “ఆ పెద్ద తాళంచెవి కోసమే కదా ఈ మెలికలన్నీ. అది లేకపోతే ఎవరూ ఇరుక్కోరు. తలుపు దాకా వచ్చినవాడికి తలుపు తెరుచుకుంటుంది, అంతే. ఆవలించేవాళ్ళ కోసం ఇంత చాకిరీ దేనికమ్మా?”

ఆయన మాటలో న్యాయం ఉంది. అది అందరికంటే ఎక్కువగా పిచ్చుకకే తెలుసు. తెలుసు కాబట్టే వాదించలేదు. తప్పు తనదే అంది, తాళంచెవుల లెక్క తను చూసుకోవాల్సిందంది. అని, తన బల్ల సర్దడం మొదలుపెట్టింది. ముందు పెన్సిళ్ళు ఒక డబ్బాలో వేసింది. తర్వాత చిన్న దీపం తీగ చుట్టింది. మా ఇంట్లో ఆడవాళ్ళకి కోపం వస్తే మాట్లాడతారు, మనసు విరిగితే సర్దుతారు. వాళ్ళ అమ్మమ్మ ఒకసారి నా దుకాణం మొత్తం సర్దింది. వారం రోజులు నాకు ఒక్క ఆకురాయి కనపడలేదు.

ఓడిపోయినవాడికి సిగ్గు తక్కువ. నేను టీ తాగి, ఎలాగూ పోయే తలుపే కదా, ఒక్కసారి చూపించండి అని అడిగాను. గోడలమ్మాయికి ఏ గదిలోకైనా నేరుగా వెళ్ళే కిటుకు ఉంది. ఏవో అక్షరాలు కొట్టి నా మనిషిని బాస్ తలుపు ముందు నిలబెట్టి, కొమ్ముల తాళంచెవి చేతిలో పెట్టింది.

 తలుపు మూడు నిలువులు ఉంది. దాని మీద తాళం అన్నం పళ్ళెమంత. తాళంచెవికి నాలుగు పళ్ళు, మూడోది కాస్త పొట్టి. అది పొట్టిగా లేకపోతే లోపల గడియని ఆపి ఉంచే రేకు, లివరు అంటాం, పట్టేసుకుంటుంది. తాళం పని తెలిసినవాడికి తప్ప ఈ సంగతి తెలియదు, ఆట ఆడేవాడు ఎవడూ దాన్ని చూడడు. అయినా పిల్ల గీసింది.

నా మనిషిని రెండడుగులు ముందుకి నడిపించాను. నాకు తెలియకుండానే నా కుడి మణికట్టు తిరగడం మొదలైంది. ఈలోగా తెరమీద పెద్ద సంగీతం, మెరుపులు, తాళంచెవి నా మనిషి చేతిలోంచి ఎగిరి వెళ్ళి దానంతటదే గిర్రున తిరిగింది, తలుపులు తెరుచుకున్నాయి. నా మణికట్టు గాల్లో సగం తిరిగి అలాగే ఉండిపోయింది.

“నా తాళంచెవి లాక్కున్నదెవరే?” అని అడిగాను.

“ఎవరూ లాక్కోలేదు తాతా. తలుపు దగ్గరికి రాగానే అదే తిరుగుతుంది. బొమ్మ అంతే.” పిచ్చుక తల ఎత్తకుండానే అంది. తీగ చుట్టడం మాత్రం ఆపింది.

అప్పుడు నేను వాళ్ళకి మా గురువు నేర్పిన పద్ధతి చెప్పాను. మీకూ చెబుతాను. కొత్త తాళంచెవి చెక్కాక మేస్త్రి దాన్ని పరీక్ష చేయాలి కదా. చేస్తాడు, కానీ సగమే తిప్పుతాడు. లివర్లు లేచాయో లేదో సగం తిప్పులోనే వేళ్ళకి తెలిసిపోతుంది. గడియ కదలకముందే ఆపేస్తాడు. మిగతా సగం ఇంటివాళ్ళది. వాళ్ళు వచ్చి, వాళ్ళ చేత్తో తిప్పి, గడియ పడిన చప్పుడు వాళ్ళు ముందు వినాలి. సగం నీది, సగం వాళ్ళది అనేవాడు మా గురువు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు.

ఎందుకో నాకు తెలిసింది ఒక రొట్టెల దుకాణం ఆవిడ వల్ల. ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ పొయ్యి దగ్గర పనిచేసి, చివరికి సొంతంగా చిన్న దుకాణం పెట్టుకుంది. దానికి తాళం బిగించాను. కుర్రతనం, తొందర, ఇంకో చోట పని ఉంది. ఆవిడ వచ్చి పక్కన నిలబడేసరికే తాళంచెవి పూర్తిగా తిప్పేసి తలుపు బార్లా తీసేశాను. చూసుకోండి, బాగా తిరుగుతోంది, అన్నాను. ఆవిడ అప్పటికే చెయ్యి చాపి ఉంది. ఆ చెయ్యిని మెల్లగా వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది. బాగా చేశారు, అంది. నిజంగానే బాగా చేశాను, ఆ తాళం ఇప్పటికీ తిరుగుతోంది. కానీ ఆ చెయ్యి వెనక్కి వెళ్ళడం నేను చూశాను.

ఇదంతా విని కళ్ళద్దాలాయన కప్పు పక్కన పెట్టాడు.

“బాగుంది మేస్త్రిగారూ. కానీ చేత్తో తిప్పినా తిప్పకపోయినా ఆ తలుపు ఎలాగూ తెరుచుకునేదే కదా.”

“తెరుచుకుంటుందండీ. తెరిచిందెవరు?”

ఆయన మళ్ళీ కప్పు అందుకున్నాడు. గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. ఆయన ఎప్పుడూ మాట్లాడడు. ఆయన్ని నేను మౌనస్వామి అంటాను. గీసినవాటినీ అనుకున్నవాటినీ కదిలేలా చేసే ప్రోగ్రాములన్నీ రాసేది ఆయనే. గేము మొదలైన రోజు నుంచీ అక్కడే ఉన్నాడు. కిటికీ పక్క కుర్చీలో వీపు మనవైపు పెట్టి కూర్చుంటాడు. నేను వెళ్ళడం మొదలుపెట్టాక ఆయన నోట ‘ఊ’ తప్ప రెండో అక్షరం వినలేదు. ఆ మౌనస్వామి కుర్చీ తిప్పి, కళ్ళద్దాలాయనకి ఒక వేలు చూపించాడు. ఒక గంట అని అర్థం. కళ్ళద్దాలాయన గడియారం చూసి, పిచ్చుక బల్ల మీది పెన్సిళ్ళ డబ్బా చూసి, సరే అన్నాడు.

ఆ గంట నా జీవితంలో మంచి గంటల్లో ఒకటి. మౌనస్వామి వెనక నిలబడి పిడికిలి ఆయన భుజం మీద పెట్టాను. తాళం ఎక్కడ బిగుస్తుందో అక్కడ నొక్కాను, ఎక్కడ వదులవుతుందో అక్కడ వదిలాను. మాటల్లో అయితే చెప్పలేకపోయేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి, మొత్తం పదిహేనుసార్లు నొక్కించుకున్నాడు. తర్వాత టకటకా కొట్టుకుంటూ పోయాడు. నేను ఆడిన పిడికి వణికే గుణం ఉందట. ఆ వణుకుని ఎక్కడ పెంచాలో ఎక్కడ ఆపాలో నా పిడికిలి నుంచి తీసుకున్నాడు. ఈ పూట తలుపు ఒక్కటే చూస్తున్నాం కదా అని గదిలోంచి రాక్షసుణ్ణి కూడా తీసి పక్కన పెట్టాడు, వాడు మధ్యలో అడ్డం రాకుండా. పిచ్చుక ఎప్పుడొచ్చిందో వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. గడియ చప్పుడు రెండు ముక్కలుగా కోసి, ముందు ముక్క సగం తిప్పుకీ రెండో ముక్క చివరికీ అతికించింది. పనిలో పనిగా మెట్ల కింద గదిలో ఒక కుండలో చిన్న తాళంచెవి కూడా పడేసింది. ఇక నాలాంటివాడు ఎంతమంది వచ్చినా ఇరుక్కోరు.

అయిదుంబావుకి పిచ్చుక పిడి తీసుకెళ్ళి కళ్ళద్దాలాయన చేతిలో పెట్టింది. “మీరు తిప్పండి సార్,” అంది. గొంతులో బతిమాలడం లేదు.

ఆయన కూర్చున్నాడు. తలుపు దగ్గరికి నడిపించాడు. ఈసారి సంగీతం లేదు, మెరుపులు లేవు. తాళంచెవి వెళ్ళి కన్నంలో కూర్చుని ఆగింది. ఏమీ జరగలేదు. ఆయన ఒక్క క్షణం ఎదురుచూసి, తనే తిప్పాలని గుర్తొచ్చి, పుల్లని మెల్లగా తిప్పాడు. పిడి ఆయన చేతుల్లో బిగుసుకున్నట్టు వణికింది. సగం దగ్గర చిన్న తట్టు. ఆయన బొటనవేలు అక్కడ ఆగింది.

ఆగి అలాగే ఉంది. కింద ఎవరో మిషను ఆపారు. గోడలమ్మాయి నోటుపుస్తకం మూసింది.

“లోపల ఎవరుంటారో నాకు తెలుసు,” అన్నాడాయన, ఎవరితోనో కాదు, తనలో తను. “వాడి బొమ్మ గీసిందే నేను. పైగా ఇవాళ వాడు లోపల లేడు కూడా.”

అయినా తిప్పడానికి ఇంకో రెండు మూడు ఊపిర్ల సేపు పట్టింది. అప్పుడు గట్టిగా తిప్పాడు. గడియ పడింది. మేము రికార్డు చేసిన చప్పుడే, నా దుకాణంలోదే, కానీ నాకు కూడా కొత్తగా వినపడింది. తలుపులు తెరుచుకున్నాయి. కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, “ఉంచండి,” అన్నాడు. తర్వాత పిచ్చుక వైపు చూసి, ఆ దీపం తీగ మళ్ళీ విప్పుకోమని అన్నాడు.

పిచ్చుక కేకలు వేయలేదు, గంతులు వేయలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, నా కుడిచెయ్యి తీసుకుని మణికట్టు దగ్గర ఒకసారి నొక్కింది, సరిగ్గా నేను మౌనస్వామి భుజం మీద నొక్కినట్టు. ఆ తర్వాత వెళ్ళి పెన్సిళ్ళన్నీ డబ్బాలోంచి బల్లమీద బోర్లించింది. ఇంకో విడత టీ వచ్చింది. ఈ కథ ఇక్కడితో ఆపేస్తే అందరం హాయిగా ఇళ్ళకి పోవచ్చు.

గోడలమ్మాయి పోనివ్వలేదు. కప్పు నోటి దాకా తీసుకెళ్ళి ఆపి, తెర వైపు చూస్తూ, ఆ తలుపు ఎవరిది అని అడిగింది.

ఏ తలుపు అన్నాం. చూపించింది. బాస్ గది తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల రాక్షసుడు లేడు. వాడు ఎప్పుడూ ఆనుకుని నిద్రపోయే వెనక గోడలో ఇంకో తలుపు ఉంది. చిన్నది, మనిషెత్తు, మూసి ఉంది. దానికో తాళం. ఆ గోడకి మూడు వందలసార్లు తల గుద్దుకున్నాను, అక్కడ రాయి తప్ప ఏమీ లేదు, అంది గోడలమ్మాయి. పిచ్చుక దగ్గరికి వెళ్ళి చూసి, ఇది నేను గీసింది కాదంది. కళ్ళద్దాలాయన తనూ కాదన్నాడు. గేములో గీసేవాళ్ళు ఆ ఇద్దరే.

రాక్షసుణ్ణి తీసినప్పుడు తొందరలో వాడితో పాటు ఇంకేదో కూడా కదిలిపోయి ఉండాలి. తీసిన మనిషి ఒక్కడే. నలుగురం కిటికీ వైపు తిరిగాం. మౌనస్వామి అప్పటికే మా వైపు తిరిగి ఉన్నాడు. మా అందరిలో ఆ తలుపు చూసి ఆశ్చర్యపోని మొహం అదొక్కటే.

“అది నేను పెట్టలేదండీ,” అన్నాడు. గొంతు ఎంత బాగుందో. “రెండేళ్ళుగా ఎవరికీ కనపడకుండా దాస్తున్నాను, అంతే.”

ఇక్కడ ఆగి ఒక నిజం ఒప్పుకోవాలి, లేకపోతే మా పిచ్చుక నాతో మాట్లాడదు. ఈ భాగంలో ఒక్కటి నా కల్పన. గోదాము సంగతి ఇందాకే తేలిపోయింది, అది లెక్కలోకి రాదు. కళ్ళద్దాలాయనకి కళ్ళద్దాలు లేవు. ఎప్పుడూ లేవు. ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాకి ఎన్ని గుండీలున్నాయో ఇక్కణ్ణుంచి చెప్పగల చూపు ఆయనది. కథ మొదలుపెట్టినప్పుడు, మా సారుని ఎవరూ గుర్తుపట్టకుండా రాయి తాతా అని పిల్ల అడిగితే ముక్కు మీద ఒక జత తగిలించాను. ఆరు వారాలుగా మోస్తున్నాడు పాపం. మాట వెనక్కి తీసుకునే మగవాడికి తుడుచుకోవడానికి ఏదో ఒకటి ఉంటే బాగుంటుందని ఇవాళ తీయించి తుడిపించాను కూడా. నిజానికి ఆయన తుడుచుకోలేదు. తలుపులు మూయించి మళ్ళీ తిప్పాడు. మూడుసార్లు తిప్పాడు, మూడుసార్లూ సగం దగ్గర ఆగాడు. ఆ తర్వాతే ఉంచండి అన్నాడు.

వెనక గోడలో తలుపు, మౌనస్వామి అన్న మాట మాత్రం నావి కావు. నేను కల్పించి ఉంటే ఆ తాళానికి తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు తెలిసి ఉండేది.